బెల్టు కిచకిచ, పుల్లీ అరుగుదల: నా అనుభవం

గొలుసుకు బదులు పళ్ల బెల్టు ఉన్న నా క్రూయిజర్ మోటార్‌సైకిల్ నెమ్మదిగా వెళ్లేటప్పుడు, వెనుక చక్రం తిరిగే లయలోనే కిచకిచమనే శబ్దం రాసాగింది. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో తోసినా అది వినిపించింది. బెల్టు మీద సబ్బునీళ్లు చల్లగా కాసేపు ఆగి, ఆరగానే మళ్లీ మొదలైంది కనుక బేరింగును కాక బెల్టు రాపిడినే అనుమానించాను.

చక్రాన్ని పైకి లేపి తిప్పుతూ, బెల్టు అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట సుమారు 4.5 కిలోల బలంతో నొక్కి చూస్తే, వంపు మాన్యువల్‌లో చెప్పినంతే ఉంది. స్వింగ్‌ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) కీలు నుండి వెనుక ఇరుసు మధ్యబిందువు వరకు రెండు వైపులా కొలిచినప్పుడు మాత్రం తేడా కనిపించింది. దాన్ని సరిచేయగా శబ్దం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

అసలు కారణం ముందు పుల్లీలో, అంటే బెల్టు తిరిగే ముందువైపు పళ్ల చక్రంలో ఉంది. అది చిన్నది కాబట్టి దాని ఒక్కో పన్నూ వెనుక పుల్లీ పన్నుకంటే ఎక్కువసార్లు బెల్టుతో కలిసి త్వరగా అరుగుతుంది. తుడిచి టార్చిలైటు వెలుగులో చూస్తే గట్టి పూత పోయి అల్యూమినియం మెరుస్తోంది. పళ్ల అంచున గోరుకు తగిలేంత గట్టు ఏర్పడింది. ఆ గట్టు బెల్టు పళ్లపై ఉండే నైలాన్ గుడ్డను చీరేస్తోంది. ఇటువంటి పుల్లీ మీద కొత్త బెల్టు వేయడం డబ్బు వృథా అని నా గట్టి అభిప్రాయం. అందుకే బెల్టునూ రెండు పుల్లీలనూ కలిపే మార్చాను.

కొత్త బెల్టు వేసేటప్పుడు ఇరుసు వదులు చేసి చక్రాన్ని ముందుకు జరపాలే తప్ప, బెల్టును మడవకూడదు, స్క్రూడ్రైవరుతో పెకలించి ఎక్కించకూడదు. అలా చేస్తే బెల్టు లోపలి పోగులు విరిగినా పైకి ఏమీ కనిపించదు.