లేఅవుట్ సర్వేయరు పని, 3వ పాఠం: జి లైను, సెంట్లు, బోదె

పోయిన పాఠంలో ఎఫ్.ఎం.బి. (చేల కొలతలు, పటాలు ఉండే సర్వే పుస్తకం) నకలు తెచ్చుకుని సరిహద్దు రాళ్ల గుర్తులు చూసుకోమన్నాను. ఇవాళ దాన్ని ముందేసుకుని లెక్క కడదాం. లేఅవుట్ వేసేవాళ్లు మనల్ని పిలిచి మొదట అడిగేది ఒకటే: "ఈ చేలో అమ్ముకోడానికి ఎన్ని గజాలు తేలతాయి?"

పాత ఎఫ్.ఎం.బి.ల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. లింకంటే 7.92 అంగుళాలు. చూసి బెదరకండి, మీటర్లకన్నా ఇదే సుళువు. లక్ష చదరపు లింకులు ఎకరం, వెయ్యి చదరపు లింకులు సెంటు. మూడు సున్నాలు కొట్టేస్తే సెంట్లు వచ్చేస్తాయి.

కోనసీమలో ఓ చేను అనుకుందాం. ఈ మూల నుంచి ఆ మూలకు గీసిన జి లైను 500 లింకులు. 200 దగ్గర ఎడమకు 160 ఆఫ్‌సెట్, అంటే జి లైను నుంచి చేను మూలకు లంబంగా ఉన్న దూరం. 300 దగ్గర కుడికి 120. ఎడమ త్రిభుజానికి 500ను 160తో గుణించి సగం చేస్తే 40,000. కుడిది 30,000. మొత్తం 70,000, అంటే 70 సెంట్లు. సెంటుకు 48.4 గజాల చొప్పున 3,388 గజాలు. రోడ్లకూ ఖాళీ జాగాకూ మూడో వంతు పోతుందనుకుంటే 2,259 గజాలు మిగులుతాయి.

ఇక చేలోకి నడవాలి.

నేను సహాయకుడిగా చేరిన కొత్తలో మే నెలలో ఓ చేను కొలిచాను. దాళ్వా (రెండో పంట) కోతలైపోయాయి, కాలువల్లో నీళ్లు ఆపేశారు, నేలంతా నెర్రెలిచ్చి ఉంది. గట్టు వెంబడి ఓ పల్లపు చార కనిపిస్తే ట్రాక్టరు దారేమో అనుకున్నాను. ప్లాట్ల రాళ్లు పాతేశాం. సార్వాకు (తొలి పంటకు) కాలువలో నీళ్లు వదిలిన రెండో రోజు వెళ్తే నాలుగు ప్లాట్ల మీదుగా నీళ్లు పారుతున్నాయి. కింది చేల రైతులంతా గట్టు మీదే ఉన్నారు. ఒకాయన "బాబూ, మా నాన్న హయాం నుంచీ మా చేలకు నీళ్లు ఈ బోదెలోంచే" అన్నాడు. తప్పు నాదే. ఆయన్ని నేను ముందే అడగాల్సింది.

బోదె అంటే చేలకు నీళ్లు పారే చిన్న కాలువ. అది ఎఫ్.ఎం.బి.లో లేదు. అయినా పూడ్చడానికి వీల్లేదు. 20 ఏళ్లపాటు అడ్డూ ఆపూ లేకుండా, హక్కుగా, బాహాటంగా నీళ్లు పారించుకుంటే 1882 నాటి ఈజ్‌మెంట్ (పరాయి నేలను వాడుకునే హక్కు) చట్టం కింద హక్కు ఏర్పడుతుంది. అందుకే ఎండాకాలంలో కొలిచేటప్పుడు గట్టు కింద తూము ఉందేమో వంగి చూడండి. ఎండిన నేల మీద వరసగా తుంగ మొలిచి ఉంటే అక్కడ నీరు నడుస్తోందన్నమాట. కింది చేలవాళ్లతో మాట్లాడకుండా మాత్రం ఇంటికి రావద్దు.

మన ఉదాహరణకే వద్దాం. ఎడమ ఆఫ్‌సెట్ కొస నుంచి జి లైను చివరి దాకా ఉన్న అంచు వెంట బోదె ఉందనుకోండి. 300, 160ల వర్గాలు కూడితే 1,15,600, వర్గమూలం 340. బోదె వెడల్పు 15 లింకులు, సుమారు 10 అడుగులు. 340ని 15తో గుణిస్తే 5,100, అంటే 5.1 సెంట్లు, 247 గజాలు. రోడ్లు గీయకముందే ఈ 247 గజాలను మొత్తం లెక్కలోంచి తీసేయండి.

చదువు సంగతి చాలామంది అడుగుతున్నారు. ఐ.టి.ఐ.లో సర్వేయరు ట్రేడు రెండేళ్లు. సివిల్ డిప్లొమా వాళ్లూ ఈ పనిలోకి రావచ్చు. ఎటు నుంచి వచ్చినా ఈ లెక్క చేత్తో వేయడం రావాలి.

వచ్చే పాఠానికి అభ్యాసం: జి లైను 600 లింకులు, ఎడమవైపు 100 దగ్గర 80, 400 దగ్గర 120 ఆఫ్‌సెట్లు. కుడివైపు ఏమీ లేదు. రెండు త్రిభుజాలు, మధ్యలో ఓ సమలంబ చతుర్భుజం వస్తాయి. 46 సెంట్లు తేలితే మీ లెక్క సరైనదే. నాలుగో పాఠంలో లెవెల్ యంత్రం పెట్టి మెరక, పల్లం తేల్చుకుందాం.