పాత నాణేనికి ధర కట్టడం ఎలా?

పెట్టె అడుగున దొరికిన పాత నాణేనికి ధర కట్టేటప్పుడు చాలామంది ముందు దాని వయసు లెక్కిస్తారు. నిజానికి అడగవలసిన ప్రశ్నలు రెండు: అటువంటివి ఇంకా ఎన్ని మిగిలాయి, వాటి కోసం ఎందరు వెతుకుతున్నారు? తెలంగాణలోని పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. ముద్ర అరిగిపోయిన అటువంటి సీసపు నాణెం రెండు వేల ఏళ్ల నాటిదైనా, ఆరవ జార్జి బొమ్మతో 1939లో ముద్రించిన వెండి రూపాయి ధరకు దరిదాపుల్లోకి కూడా రాదు.

ఆ 1939 బిళ్ళను 1938 బిళ్ళ పక్కన పెట్టి చూడండి. రాజు తల అదే, బరువు అదే 11.66 గ్రాములు, వెండి అదే 91.7 శాతం; కరిగిస్తే రెండింటికీ ఒకే సొమ్ము వస్తుంది. అయినా 1938 నాటిది సులువుగా దొరుకుతుంది, 1939 నాటిది దానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. 1940 నుంచి రూపాయిలో వెండిని 50 శాతానికి తగ్గించారు, పాత వెండి బిళ్ళలు కరిగిపోయాయి, 1939 ముద్రతో మిగిలినవి బహు స్వల్పం. అయితే అరుదు కావడం ఒక్కటే చాలదు. బ్రిటిష్ రూపాయిలను ఏడాది వారీగా పేర్చుకునే సేకర్తలు దేశమంతటా ఉన్నారు కనుక, వరుసలో ఖాళీగా మిగిలే ఆ ఒక్క గడి కోసం పోటీ తప్పదు. ఏ చిన్న సంస్థానపు రాగి నాణెమో ఇంతకంటే అరుదైనదే కావచ్చు, కానీ ఆ వరుసను పేర్చేవారే లేకపోతే అది కొన్ని వందలకు మించి పోదు.

ముద్రణ లెక్కలను కూడా గుడ్డిగా నమ్మకూడదు. అయిదవ జార్జి 1911 రూపాయి మీద రాజు వస్త్రంపైనున్న ఏనుగు పందిలా కనిపిస్తోందని అభ్యంతరం రావడంతో, ముద్రించిన సుమారు 94 లక్షల్లో దాదాపు 7 లక్షలు మాత్రమే బయటికి వచ్చాయి. 1912లో బొమ్మను సరిదిద్దారు. ఆ గొడవ వల్లనే జనం దాన్ని దాచుకున్నారేమో, 1939 రూపాయంతటి కరువు దానికి లేదు.

కనుక భూతద్దం తీసుకుని సంవత్సరాన్నీ, టంకశాల గుర్తునూ, చిన్న చిన్న తేడాలనూ చదవాలి. విక్టోరియా రూపాయి మీద 1862 అనే అంకె 1874 వరకూ మారలేదు. అందుకే నాణెం మీది చిన్న చుక్కల అమరికను బట్టే రకాన్ని గుర్తిస్తారు, ధర కూడా దాన్నిబట్టే మారుతుంది. నిజాం చార్మినార్ రూపాయిలో ద్వారం లోపల చూడండి: 'మీమ్' అనే ఉర్దూ అక్షరముంటే మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది.

తర్వాతది స్థితి. రాజు జుట్టు పాయలు, కిరీటపు అంచు అరగకుండా ఉంటే ధర ఎక్కువ. అమ్మబోయే ముందు చింతపండుతో తోమడం మనవాళ్ళకు అలవాటు. అలా తోమితే ఏళ్ళ తరబడి ఏర్పడిన పొర పోయి, సన్నని గీతలు పడి, కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. మురికిగా ఉన్నా అలాగే ఉంచండి.

ధర పలికే చోటే నకిలీలూ పుడతాయి. 1938లోని చివరి 8ని చెక్కి 9గా మార్చడం పాత విద్యే కనుక ఆ అంకె చుట్టూ గీరిన జాడ ఉందేమో చూడాలి, బరువు తూచాలి. ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 అంకెతో, రాముడి బొమ్మతో తిరిగే బిళ్ళలు కంపెనీ ముద్రించినవి కానే కావు.

చివరిగా, అమ్మకందారు అడిగే ధరను లెక్కలోకి తీసుకోవద్దు; అదే రకం, అదే స్థితి గల నాణెం ఇటీవలి వేలాల్లో నిజంగా ఎంతకు అమ్ముడుపోయిందో చూడండి. వ్యాపారి తన లాభం మినహాయించుకునే కొంటాడు కనుక మీ చేతికి అందేది అంతకంటే తక్కువే. వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలిస్తామంటూ ముందుగా రుసుము కట్టమనేవారికి పైసా ఇవ్వవద్దు. రిజర్వు బ్యాంకు అటువంటి కమిషన్లేవీ వసూలు చేయదని 2021లోనే ప్రకటించింది. నాణెం భూమిలో దొరికినదైతే మాత్రం బేరం కంటే ముందు, 1878 నాటి నిధి చట్టం ప్రకారం జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి.