అన్నం మానకుండానే అన్నం తగ్గించుకోవడం ఎలా?

"అన్నం మానేస్తే షుగర్ దానంతట అదే తగ్గిపోద్ది" అని ఒకరు, "మా తాత మూడు పూటలా తిని తొంభై ఏళ్లు బతికాడు" అని ఇంకొకరు. ఈ గొడవ మన ఇళ్లలో 2017, 18 ప్రాంతంలో బాగా ముదిరింది. డైట్ ప్రచారంతో పేరు తెచ్చుకున్న వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం, రొట్టెలు, పళ్లు పక్కనపెట్టి కొబ్బరినూనె, నిమ్మకాయలు, గుడ్లు, మాంసం అన్నారు. చిరుధాన్యాలు తినమని ప్రచారం చేసే ఖాదర్ వలీ గారు కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు అన్నారు. దారులు వేరైనా తెల్ల బియ్యం తగ్గించాలనే మాట మాత్రం ఇద్దరిదీ ఒకటే.

మరి పరిశోధనల మాటేంటి? అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 609 మందిని రెండు గుంపులు చేసి, ఏడాదిపాటు ఒక గుంపుకి కొవ్వు, ఇంకో గుంపుకి కార్బ్స్ (పిండిపదార్థాలు) తగ్గించి చూశారు. 2018లో ఫలితాలు వస్తే బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. అయితే చక్కెర, మైదా తగ్గించి కూరగాయలు బాగా తినమని రెండు గుంపులకూ చెప్పారు, ఈ సంగతి వాదించుకునేవాళ్లు ఎవరూ ఎత్తరు. మన దేశం సంగతికొస్తే, సగటున 62 శాతం కేలరీలు పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే తేల్చింది. ధాన్యాల వాటా 45 శాతం దాటకుండా చూసుకోమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే మానేయక్కర్లేదు, కోత పెడితే చాలు.

ముందు బియ్యం కొలవండి

కంచంలో వడ్డించుకున్నాక తగ్గించడం జరిగే పని కాదు. కుక్కర్‌లో పెట్టేటప్పుడే తగ్గాలి, ఎందుకంటే వండిన అన్నం మిగిలితే పారేయలేక ఎవరో ఒకరు తింటారు, ఆ ఒకరు చాలా ఇళ్లలో అమ్మే. ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చే కప్పులో సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది, అందులో పిండిపదార్థం 115 గ్రాముల పైనే. మీ ఇంట్లో పూటకి మనిషికి ఎంత పోస్తున్నారో మూడు రోజులు చూసి రాసుకోండి. తర్వాత వారంపాటు అందులో పావు వంతు తగ్గించండి, అంతే. ఒకేసారి సగానికి దించితే రాత్రి పదింటికి మిక్స్చర్ డబ్బా మూత తెరుచుకుంటుంది.

కలుపుకునే లెక్క మార్చండి

అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. పప్పుకి ఒక ముద్ద, వేపుడుకి ఇంకో ముద్ద, పులుసుకి మళ్లీ, చారుకి మళ్లీ, చివర పెరుగన్నం లేకపోతే తిన్నట్టే ఉండదు. మన భోజనంలో కూర అనేది అన్నానికి తోడు మాత్రమే, అన్నీ అన్నంలో కలుపుకోవడానికే చేసుకుంటాం. కాబట్టి ఐటమ్స్ తగ్గించకుండా అన్నం వాయిదాలు తగ్గించండి: పప్పు, కూర ఒకే విడతలో, చారు గ్లాసులో పోసుకుని తాగేయడం, పెరుగులో రెండు చెంచాల అన్నం. మొదట కొంచెం కూర, పప్పు ఉత్తివే తిని తర్వాత అన్నానికి వెళ్తే తిన్న తర్వాత షుగర్ అంతగా ఎగబాకదు.

ఇక్కడో మెలిక ఉంది. అన్నంలో కలపడానికి చేసిన కూరలో ఉప్పూ కారం ఆ లెక్కకే వేస్తాం, అదే కూర రెండింతలు తింటే ఉప్పు, నూనె కూడా రెండింతలు లోపలికి పోతాయి. అందుకే కూర ఎక్కువ చేసి, ఉప్పు తగ్గించి, వేపుడు బదులు పప్పుకూర, సెనగపప్పు వేసిన సొరకాయ కూర, కొబ్బరి కోరిన బీన్స్ లాంటివి వండుకోవాలి. వండేవాళ్లతో ముందే మాట్లాడండి, లేకపోతే "మా చేతి వంట నచ్చట్లేదా" అనే కొత్త గొడవ మొదలవుతుంది. ఆవకాయ గురించి నేనేమీ అనను.

మారు పేరుతో వచ్చేవాటిని చూసుకోండి

రాత్రి అన్నం మానేసి చపాతీలకు మారామని చాలామంది ధైర్యంగా ఉంటారు. మూడు చపాతీల్లో ఉండే పిండిపదార్థం, 200 గ్రాముల వండిన అన్నంలో ఉండేదీ దాదాపు ఒక్కటే. కొర్రలు, రాగుల్లో పీచు ఎక్కువ, మంచివే, కానీ వాటిలోనూ ఎక్కువ భాగం పిండే. పల్చటి రాగి జావ గ్లాసులకొద్దీ తాగి షుగర్ ఎందుకు పెరిగిందంటే ఇందుకే.

టిఫిన్ దగ్గర ఉప్మా, ఇడ్లీ, అటుకులు రోజూ తిరుగుతుంటే పెసరట్టు (ఉప్మా పెట్టకుండా!), సెనగల గుగ్గిళ్లు, గుడ్లు వంతుల్లో పెట్టండి. దోశపిండిలో మినప్పప్పు వాటా కొంచెం పెంచినా నయమే. ఇక టీలో చక్కెర, పక్కన బిస్కెట్లు, వీటి గురించి ఎవరూ వాదించరు, తీసేయండి.

మందులు వాడేవాళ్లు ఆగి చదవండి

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డోసు మార్చకుండా అన్నం గబుక్కున తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి, ప్రాణం మీదకీ రావచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ రకం (చక్కెరను మూత్రంలో బయటికి పంపే) మాత్రలు వాడుతూ కార్బ్స్ పూర్తిగా మానేస్తే కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి హాస్పిటల్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు పప్పు, మాంసం పెంచే ముందు అడగాలి. వీళ్లందరూ డాక్టర్‌కి చెప్పే మొదలుపెట్టాలి, యూట్యూబ్‌కి కాదు.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

రోజూ బరువు చూసుకుని టెన్షన్ పడొద్దు. టేపుతో నడుము కొలవండి, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే పొట్ట కొవ్వు ఎక్కువున్నట్టు. గ్లూకోమీటర్ ఉంటే ఒకరోజు మామూలు భోజనం తిన్న రెండు గంటలకి, ఇంకోరోజు అన్నం తగ్గించి కూర పెంచిన భోజనం తర్వాత చూడండి, ఎవరి ఒంటికి ఏది పడుతుందో అక్కడే తెలిసిపోతుంది. హెచ్‌బీఏ1సీ మాత్రం మూడు నెలలయ్యాకే చేయించండి, అది సుమారు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష, నెలకోసారి చేయిస్తే డబ్బులు దండగ.