లోయరింగ్ స్ప్రింగ్స్ వేస్తున్నారా? ఆ బోల్టులు గాల్లో బిగించకండి

మాజ్డా మియాటా లాంటి కారుకి లోయరింగ్ స్ప్రింగ్స్ (కారు ఎత్తు తగ్గించే స్ప్రింగ్స్) ఇంట్లోనే వేసుకునేవాళ్లు చాలామంది ఒకే చోట పప్పులో కాలేస్తారు. కారు జాక్ స్టాండ్ల మీద ఉండి, చక్రాలు లేకుండా సస్పెన్షన్ కిందికి వేలాడుతుండగానే కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని కారు బాడీకి కలిపే చెయ్యి) బోల్టులు టార్క్ రెంచ్ (బిగువు కొలిచే రెంచ్) టక్కుమనేదాకా బిగించేస్తారు. మొదటిసారి నేనూ అదే చేశాను.

ఆర్మ్ చివర ఉండే రబ్బరు బుష్ బేరింగులా తిరగదు, మెలిపడుతుంది. బోల్టు బిగించేటప్పుడు ఆర్మ్ ఏ కోణంలో ఉందో రబ్బరుకి అదే మామూలు స్థితి. కారు దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మాత్రం పిండిన తడిగుడ్డలా మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. కారు అనుకున్నంత దిగదు, బుష్ తొందరగా చిరుగుతుంది.

అందుకని ముందు నట్లు ఎక్కించి కాస్త వదులుగానే ఉంచండి. చక్రాలు పెట్టి, వాటి కింద వెడల్పాటి గట్టి చెక్క దిమ్మలు వేసి కారు దించండి. బానెట్ దగ్గర నాలుగుసార్లు నొక్కి వదిలి, అప్పుడు సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించండి. కింద దూరి చెయ్యాలి, కాస్త విసుగే.

పాత స్ప్రింగ్ విప్పేటప్పుడు స్ప్రింగ్‌ని నొక్కిపట్టే కంప్రెసర్ లేకుండా పైనట్ ముట్టుకోవద్దు, స్ప్రింగ్ ఎగిరి తగిలితే ఎముకలు విరుగుతాయి. ఎత్తు తగ్గితే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం) రెండూ మారతాయి కాబట్టి కొన్ని రోజులు నడిపి, స్ప్రింగ్స్ సర్దుకున్నాక అలైన్‌మెంట్ చేయించండి.