యుద్ధ చరిత్ర చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: 37 రోజుల పట్టిక

పోయిన పాఠం చివర మీకొక పని చెప్పాను. 1914 నాటి యూరప్ మ్యాప్ మీద, ఎవరు ఎవరికి తోడుంటామని మాట ఇచ్చుకున్నారో గీతలు గీయమన్నాను. జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, ఇటలీ ఒకవైపు. ఫ్రాన్స్, రష్యా, బ్రిటన్ ఇంకోవైపు. ఆ మ్యాప్ మళ్లీ తీయండి. ఇటలీ గీత పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. యుద్ధం వచ్చాక ఇటలీ మొదట తటస్థంగా ఉండిపోయి, 1915 మే నెలలో అవతలి పక్షాన దిగింది. బ్రిటన్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్య గీతను చుక్కలుగా మార్చండి. యుద్ధం వస్తే తప్పకుండా దిగుతానని బ్రిటన్ ఫ్రాన్స్‌కు ఏ ఒప్పందంలోనూ రాసివ్వలేదు. ఇకమీద 'కూటములు ఉన్నాయి కాబట్టి యుద్ధం వచ్చింది' అని రాయబోయేముందు ఈ రెండు గీతలూ మీకు గుర్తు రావాలి.

ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఒకటే: కారణం అని రాసి ఉన్నచోట నిర్ణయం తీసుకున్న మనిషిని వెతకడం.

పరీక్షల గైడ్లలో మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. సైనికవాదం, రహస్య ఒప్పందాలు, సామ్రాజ్యవాదం, ఉగ్ర జాతీయవాదం. చివర్న 'తక్షణ కారణం: సరాయెవో హత్య'. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఎండిన గడ్డివాము మీద నిప్పురవ్వ పడిందని క్లాసులో పోలిక చెబుతారు, నేనూ చాలా ఏళ్లు అదే చెప్పాను. ఒకరోజు కూర్చుని తేదీలు లెక్కపెట్టాక ఆ పోలిక మానేశాను. హత్య జరిగింది జూన్ 28న. బ్రిటన్ యుద్ధం ప్రకటించింది ఆగస్టు 4న. మధ్యలో 37 రోజులు. గడ్డివాము అంటుకోవడానికి 37 రోజులు పట్టదు. అన్ని రోజులు పట్టిందంటే ఆ మధ్యలో కొందరు కూర్చుని ఆలోచించారు, ఉత్తరాలు రాసుకున్నారు, సంతకాలు పెట్టారు. వాళ్ల పేర్లు మనకు తెలుసు.

నోటు పుస్తకాన్ని అడ్డంగా తిప్పి నాలుగు గళ్లు గీయండి. తేదీ, ఎవరు, ఏం నిర్ణయించారు, ఇంకో దారి ఉందా. నాలుగో గడి నింపడమే కష్టం. మొదటి మూడూ ఏ పుస్తకం చూసినా దొరుకుతాయి, నాలుగోది మాత్రం మీరే ఆలోచించి రాయాలి.

మొదటి వరుస, జూన్ 28. ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, ఆయన భార్య సోఫీ, ఆస్ట్రియా పాలనలో ఉన్న బోస్నియాలోని సరాయెవో వీధుల్లో కారులో వెళ్తున్నారు. పొద్దున చాబ్రినోవిచ్ అనే కుర్రవాడు విసిరిన బాంబు గురి తప్పి వెనక కారు దగ్గర పేలింది. టౌన్ హాల్లో కార్యక్రమం అయ్యాక, గాయపడ్డవాళ్లను ఆసుపత్రిలో చూసొస్తానన్నాడు యువరాజు. అందుకోసం దారి మార్చారు. ఆ సంగతి డ్రైవర్‌కు ఎవరూ చెప్పలేదు. లాటిన్ వంతెన దగ్గర అతను పాత దారిలోకే మలుపు తిప్పాడు. ఇటు కాదని కేకేస్తే కారు ఆపాడు. ఆగిన చోట 19 ఏళ్ల గవ్రిలో ప్రిన్సిప్ నిలబడి ఉన్నాడు. రెండు తూటాలు, రెండు ప్రాణాలు.

కుట్ర ముందే పన్నినదే, కానీ అది నెరవేరింది మాత్రం కాకతాళీయంగా. ఆ మాట ఈ ఒక్క వరుసలోనే రాయండి. మిగతా వరుసల్లో దానికి చోటు లేదు.

జులై 5, 6. హత్య వెనక పొరుగుదేశం సెర్బియా ఉందని ఆస్ట్రియా నమ్మింది. ఆస్ట్రియా చక్రవర్తి ఉత్తరం పట్టుకుని దూత బెర్లిన్ వచ్చాడు. సెర్బియా మీద మీరేం చేసినా మా అండ ఉంటుందని కైజర్, అంటే జర్మనీ చక్రవర్తి, రెండో విల్‌హెల్మ్ మాట ఇచ్చాడు. మర్నాడు జర్మనీ ప్రభుత్వాధినేత, ఛాన్సలర్ బెత్‌మన్ హోల్వెగ్ దాన్నే ఖాయం చేశాడు. చరిత్రకారులు దీన్ని బ్లాంక్ చెక్ అంటారు, ఎంత మొత్తమో రాయకుండానే సంతకం పెట్టి ఇచ్చారని.

చెక్కు చేతికొచ్చినా ఆస్ట్రియా వెంటనే కదల్లేదు. ఎందుకని? ఇక్కడ కాస్త ఆగుదాం. హంగరీ ప్రధాని టిసా యుద్ధం వద్దన్నాడు, ఆయన్ను ఒప్పించేసరికి జులై 14 అయింది. సైనికుల్లో చాలామంది కోతల సెలవు మీద ఊళ్లకు వెళ్లి ఉన్నారు, పంట ఇంటికి చేరాలి. పైగా ఫ్రాన్స్ అధ్యక్షుడు పొంకారే అప్పుడు రష్యా రాజధానిలో అతిథిగా ఉన్నాడు. ఆ రెండు దేశాలూ ఒకేచోట కూర్చుని మాట్లాడుకునే వీలు లేకుండా, ఆయన ఓడ ఎక్కేదాకా ఆగి, జులై 23 సాయంత్రం 6 గంటలకు సెర్బియాకు అల్టిమేటం, అంటే షరతులతో కూడిన తుది హెచ్చరిక, అందించారు. గడువు 48 గంటలు. ఇంత లెక్క వేసుకుని ఆగినవాళ్ల గురించి 'ఆవేశంలో యుద్ధానికి దిగారు' అని రాస్తే అది చరిత్రకు అన్యాయం. ఈ వరుసలో నాలుగో గడి నేను ఇలా నింపాను: 'హత్య జరిగిన వారంలోనే గట్టి షరతులు పెట్టి ఉంటే యూరప్ సానుభూతి ఆస్ట్రియా వైపే ఉండేది. నాలుగు వారాలు ఆగడంతో ఆ సానుభూతి పోయింది.'

జులై 25. గడువు ముగియడానికి కొద్ది నిమిషాల ముందు సెర్బియా ప్రధాని పాషిచ్ స్వయంగా జవాబు తెచ్చిచ్చాడు. చాలా షరతులకు ఒప్పుకున్నారు. తమ గడ్డ మీద జరిగే న్యాయ విచారణలో ఆస్ట్రియా అధికారులు పాల్గొనడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆస్ట్రియా రాయబారి అప్పటికే సామాను సర్దుకుని ఉన్నాడు. ఆరున్నర రైలెక్కి వెళ్లిపోయాడు.

జులై 28 వరుస రాసేటప్పుడు నాకు ప్రతిసారీ బాధ కలుగుతుంది. ఆ పొద్దున కైజర్ సెర్బియా జవాబు చదివి, ఇక యుద్ధానికి కారణం మిగల్లేదని కాగితం అంచున రాశాడు. బ్లాంక్ చెక్ ఇచ్చినవాడే ఆ మాట రాశాడు. అదే రోజు ఆస్ట్రియా టెలిగ్రాం పంపి సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది.

జులై 29, 30. రష్యా సెర్బియాకు అండగా నిలిచింది. రష్యా జార్ రెండో నికొలస్ పూర్తి సైనిక సమీకరణకు, అంటే సైన్యం మొత్తాన్ని యుద్ధానికి సిద్ధం చేయడానికి, ఉత్తర్వు ఇచ్చి, కైజర్ టెలిగ్రాం రాగానే వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరూ చుట్టాలు, ఆ టెలిగ్రాంలలో నిక్కీ, విల్లీ అని సంతకాలు పెట్టుకునేవారు. మర్నాడు విదేశాంగ మంత్రి సజోనోవ్ నచ్చజెప్పి జార్ చేత మళ్లీ 'సరే' అనిపించాడు. ఈసారి ఉత్తర్వు అందగానే ఫోన్ పగలగొట్టేస్తానన్నాడు సైన్యాధికారి యనుష్కెవిచ్, వెనక్కి తీసుకుందామన్నా ఎవరికీ దొరక్కుండా.

ఆగస్టు 1న జర్మనీ రష్యా మీద యుద్ధం ప్రకటించింది. అదే సాయంత్రం, ఫ్రాన్స్ జోలికి పోకుంటే బ్రిటన్ తటస్థంగా ఉంటుందని లండన్ నుంచి కబురు వచ్చినట్టు అనిపించింది. కైజర్ సంతోషపడి, సైన్యం మొత్తాన్ని తూర్పుకు తిప్పమన్నాడు. కుదరదన్నాడు సేనాధిపతి మోల్ట్‌కే. ముందు ఫ్రాన్స్‌ను ఆరు వారాల్లో ఓడించి, ఆ తర్వాత రష్యా మీదికి మళ్లాలన్న ప్రణాళిక ప్రకారం వేల రైళ్లకు టైం టేబుల్ ఏనాడో వేసి పెట్టారు. ఆ రాత్రే లండన్ కబురు అపార్థమని తేలింది, రైళ్లు పడమటికే కదిలాయి. 'కుదరదు' అన్న మాటను అలాగే నమ్మకండి. తూర్పుకు తిప్పడం సాధ్యమేనని రైల్వే విభాగపు జనరల్ ఒకరు యుద్ధం తర్వాత వాదించారు.

ఆగస్టు 3న ఫ్రాన్స్ మీద ప్రకటన. 4న జర్మన్ సైన్యం బెల్జియంలోకి, బ్రిటన్ యుద్ధంలోకి. బెల్జియం తటస్థతకు హామీగా 1839లో చేసిన ఒప్పందం మీద బ్రిటన్‌తో పాటు, జర్మనీకి మూలమైన ప్రష్యా రాజ్యం సంతకం కూడా ఉంది.

కింద ఇంకో వరుస చేర్చండి. రష్యా మీద ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది ఆగస్టు 6న. సెర్బియా విషయంలో ఎదురుపడ్డది ఈ ఇద్దరే, కానీ అందరికంటే వెనక వచ్చిన ప్రకటనల్లో ఇదొకటి.

తప్పెవరిదని వందేళ్లుగా వాదన నడుస్తోంది. నా పట్టిక చూసుకుంటే వియన్నా, బెర్లిన్ వరుసల్లోనే నాలుగో గడి నిండుగా కనిపిస్తుంది. రష్యా వరుసలోనూ అది ఖాళీగా లేదు. మీ పట్టిక వేరేలా తేలవచ్చు, తేలితే ఎందుకో రాసి ఉంచుకోండి.

ఆ ఆరు వారాల ప్రణాళిక సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లోని మార్న్ నది దగ్గర చెదిరిపోయి, సైన్యాలు కందకాల్లోకి దిగాయి. అక్కడి నుంచి నాలుగేళ్లు. 1916 జులై 1న, సోమ్ పోరాటం మొదటి రోజే, బ్రిటిష్ సైనికులు 19,240 మంది చనిపోయారు. ఆ యుద్ధగమనం వచ్చే పాఠంలో వివరంగా చూద్దాం. ఇప్పటికి ఒక్క సంగతి మాత్రం చెబుతాను. పట్టికలోని గళ్లలో ఎక్కడా మన మనిషి లేడు. అయినా 1914 సెప్టెంబర్ 22 రాత్రి, అప్పటి కోస్తాంధ్రకూ రాజధాని అయిన మద్రాసు మీద జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ గుళ్లు కురిపించింది, రేవు దగ్గర చమురు ట్యాంకులు తగలబడ్డాయి. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ సంస్థానపు అశ్విక దళం, హైదరాబాద్ లాన్సర్లది. యుద్ధం కోసం ఇండియా నుంచి సముద్రం దాటినవాళ్లు దాదాపు 13 లక్షల మంది, చనిపోయినవాళ్లు 74 వేల దాకా. వాళ్ల నాలుగో గడిలో ఏం రాయాలో నాకింకా తోచలేదు.

ఈ వారం అభ్యాసం. జులై 30 వరుసలో నాలుగో గడిని మీరే నింపండి. జార్ ముందు ఏయే దారులు ఉన్నాయి? రెండు రోజులు ఆగి ఉంటే రష్యాకు నష్టమెంత? పది వాక్యాలు మించకూడదు. 'అనివార్యం' అన్న మాట వాడకుండా రాయండి. రాశాక గడువు గంటలను పక్కన పెన్సిల్‌తో వేయండి: సెర్బియాకు ఆస్ట్రియా ఇచ్చినవి 48, జులై 31న జర్మనీ పంపిన అల్టిమేటంలలో ఫ్రాన్స్‌కు 18, రష్యాకు 12. ఆ అంకెలు ఎందుకలా తగ్గాయో రెండు వాక్యాల్లో రాసి తెచ్చుకుంటే, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.