కారు సంరక్షణ స్వయంబోధిని – 5వ పాఠం: పూత చెడకుండా చక్రాలు కడగడం

గత పాఠంలో కారు బాడీని రెండు బకెట్ల పద్ధతిలో కడగడం నేర్చుకున్నాము. చక్రాలను మాత్రం ఆ గుడ్డతోనూ ఆ నీటితోనూ ముట్టుకోవద్దని చెప్పి అక్కడికి ఆపాను. చూపించడానికి నా దగ్గరికి తెచ్చిన అల్లాయ్ చక్రాల్లో గుంతల్లో పడి వంగినవి తక్కువ, కడిగి కడిగి మసకబారినవి ఎక్కువ. వాటిలో మొదటిది నా సొంత కారుదే కాబట్టి ఆ సంగతి కూడా ఈ పాఠంలోనే చెబుతాను.

చక్రం మీద ఏ పూత ఉందో తెలియకుండా బ్రష్షు పట్టుకోకూడదు. ముందుగా ఒక అయస్కాంతాన్ని తాకించి చూడండి. గట్టిగా అతుక్కుంటే అది రంగు వేసిన ఉక్కు చక్రం, దాని మీద కనిపించేది ప్లాస్టిక్ మూత కావచ్చు. అతుక్కోకపోతే అల్యూమినియం మిశ్రమం, అంటే మన మెకానిక్కులు మ్యాగ్ వీలు అనీ అల్లాయ్ అనీ పిలిచేది. అల్లాయ్‌లలో ఎక్కువ భాగానికి రంగు, ఆ రంగు మీద క్లియర్ కోటు అనే పారదర్శకమైన పూత ఉంటాయి. వెండిలా మెరిసే ముఖం మీద గ్రామఫోను రికార్డులో ఉన్నట్టు సన్నని వలయాకారపు గీతలు కనిపిస్తే అది డైమండ్ కట్ చక్రం. లేతు యంత్రం మీద ముఖాన్ని చెక్కి, మెరిసే లోహం మీద నేరుగా క్లియర్ కోటు వేస్తారు కనుక, దాని కింద కాపాడటానికి రంగు పొర ఉండదు. పదునైన అంచుల దగ్గర ఆ పూత పలుచబడుతుంది, అక్కడ ఒక్క గీత పడినా తేమ లోపలికి దిగి, పూత కింద తెల్లని పురుగు పాకినట్టు తీగలు తీగలుగా తుప్పు వ్యాపిస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి దీనికి తోడవుతుంది. దీన్ని బాగు చేయాలంటే మళ్లీ లేతు ఎక్కించి లోహాన్ని చెక్కాలి, అలా చెక్కడం ఎన్నిసార్లైనా కుదిరే పని కాదు.

ఏ పూతా లేకుండా మెరుగు పెట్టిన అల్యూమినియం కూడా అక్కడక్కడ, ముఖ్యంగా బయట కొని బిగించిన చక్రాల్లో, కనబడుతుంది. స్పోకు వెనుక వైపు, ఎవరికీ కనిపించని చోట, తెల్లని గుడ్డ మీద చుక్క మెటల్ పాలిష్ వేసి మెల్లగా రుద్దండి. గుడ్డ నల్లబడితే మీరు నేరుగా లోహాన్నే రుద్దుతున్నారని అర్థం, నల్లబడకపోతే మధ్యలో పూత ఉందని అర్థం. గుడ్డకు చక్రం రంగే అంటితే, మీది క్లియర్ కోటు లేని రంగు చక్రం.

ఇక మురికి సంగతి. చక్రం మీది నల్లని పొడి వట్టి రోడ్డు దుమ్ము కాదు. బ్రేకు వేసినప్పుడల్లా ప్యాడ్లూ పోత ఇనుప డిస్కూ ఒరుసుకుని అరుగుతాయి, ఆ పొడి వేడివేడిగా ఎగిరి చక్రం మీద పడుతుంది. బ్రేకుల భారం ఎక్కువగా ముందు చక్రాల మీద పడుతుంది, పైగా మన చిన్న కార్లలో చాలావాటికి వెనుక మూసి ఉండే డ్రమ్ము బ్రేకులే కాబట్టి, ముందు రెండూ త్వరగా నల్లబడతాయి. ఆ పొడిలోని ఇనుప రేణువులు పూతలో గుచ్చుకుని, తేమ తగిలి తుప్పు పట్టి, గోధుమరంగు చుక్కలవుతాయి. పొడి గుడ్డతో తుడవడమంటే ఈ ఇనుప పొడితో పూతను సాన పట్టడమే. అందుకే పార్కింగులో కారు తుడిచే కుర్రవాడికి చక్రాల జోలికి పోవద్దని నేను ముందే చెప్పి ఉంచుతాను.

గీతల వల్ల కలిగే నష్టం మెల్లగా కలుగుతుంది, రసాయనాల వల్ల కలిగేది నిమిషాల్లో కలుగుతుంది. అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే ఆక్సైడు పొర దాన్ని కాపాడుతుంది. ద్రవం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత పీహెచ్, అందులో 7 అంటే రెండూ కానిది. సుమారు 4 నుంచి 8.5 పీహెచ్ మధ్య ఆ పొర నిలుస్తుంది, అంతకన్నా ఆమ్లమైనా క్షారమైనా కరిగిపోతుంది. అల్యూమినియం గిన్నెలో పులుసు కాచవద్దని ఇంట్లో పెద్దవాళ్లు అనడం, చాకలి సోడాతో తోమిన అల్యూమినియం పాత్ర నల్లబడటం, రెండూ ఈ లెక్కలోవే. క్లియర్ కోటు గట్టిగా ఉన్నంతవరకు చక్రం కొంత తట్టుకుంటుంది కానీ, మూడేళ్లు తిరిగిన చక్రం మీద ఎక్కడో ఒకచోట రాయి దెబ్బ లేకుండా ఉండదు, రసాయనం ముందు వెతుక్కునేది ఆ చోటునే. కొన్ని వాటర్ వాష్ కేంద్రాల్లో బాత్రూమ్ ఆమ్లాన్ని పలుచన చేసి చక్రాల మీద కొడతారు. మరక క్షణంలో పోతుంది, చూసేవారికి ముచ్చటేస్తుంది. నాలుగు వారాలు గడిచాక నట్ల చుట్టూ తుప్పు, స్పోకుల మీద పాలమబ్బు బయటపడతాయి. ఇక హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, అమ్మోనియం బైఫ్లోరైడు ఉన్న చక్రాల క్లీనర్లను ఇంటి గుమ్మం దాకా కూడా రానివ్వకండి. ఆ ఆమ్లం చర్మంలోంచి లోపలికి దిగి ఎముకదాకా పోగలదు, నొప్పి తరువాత ఎప్పుడో తెలుస్తుంది.

సీసా మీద “చక్రాలకు సురక్షితం” అని రాసి ఉన్నా పరీక్షించకుండా వాడవద్దు. పరీక్షకు కావలసిన సామగ్రి మన వంటింట్లోనే ఉంది. చిటికెడు పసుపును నీళ్లలో కలిపి తెల్లని కాగితం మీద పూసి ఆరబెట్టండి. మీరు వాడబోయే షాంపూను, చక్రానికి ఎంత పలుచన చేస్తారో అంతే పలుచన చేసి, దాని మీద ఒక చుక్క వేయండి. పసుపు ఎర్రబడితే ఆ ద్రవం క్షారం. సున్నం తగిలిన పసుపు పారాణి అయినట్టే ఇదీ. పసుపు సుమారు 7.4 పీహెచ్ దాకా పచ్చగా ఉండి, 8.6 వచ్చేసరికి ఎర్రబడుతుంది కాబట్టి మనకు కావలసిన హద్దుకు దాదాపు సరిపోతుంది. బట్టల సబ్బుపొడి నీళ్లతో ఒకసారి చేసి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. ఆమ్లాన్ని మాత్రం పసుపు పట్టుకోలేదు. దానికి ఎర్ర మందారపు రేకులను వేడినీళ్లలో నానబెట్టి ఆ నీటిలో ద్రవపు చుక్క వేయండి, ముదురు గులాబీకి తిరిగితే ఆమ్లం, ఆకుపచ్చకు తిరిగితే క్షారం. ఈ పసుపు సంగతి నాకు తట్టింది దసరా మర్నాడే. పూజలో చక్రానికి పెట్టిన పసుపు బొట్టు, చేతికందిన సబ్బుతో కడుగుతుంటే ఎర్రగా కారింది. ఆ సబ్బును ఆ తరువాత నేలకే వాడాను.

ఇప్పుడు పనిలోకి దిగుదాము. చక్రాలను బాడీకన్నా ముందు కడగాలి, లేకపోతే ఇక్కడి మురికి కడిగిన తలుపుల మీద చింది పని రెట్టింపవుతుంది. వీటికి వేరే బకెట్టు, వేరే మైక్రోఫైబర్ చేతి తొడుగు ఉండాలి. స్పోకుల సందులకు మెత్తని కుచ్చు బ్రష్షు కావాలి, అందులోనూ తీగ మెలిపెట్టి చేసినది వద్దు, ఎందుకంటే కుచ్చు అరిగాక ఆ ఇనుప తీగే చక్రాన్ని గీకుతుంది. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచులోనే గీకే పొడి ఉంటుంది, కొబ్బరిపీచులో ఇసుక దాగుతుంది, స్టీలు పీచు గురించి చెప్పనక్కరలేదు.

కారు నీడలో ఉండాలి, చక్రం చల్లారి ఉండాలి. అరచేతి వెనుక వైపు స్పోకుకు ఆనించి పది లెక్కపెట్టండి, ఏమాత్రం వెచ్చగా తోచినా ఇంకో అరగంట ఆగండి. నేను ఆగలేదు. ఒక మే నెల మధ్యాహ్నం ప్రయాణం నుంచి దిగీదిగగానే ఇనుప మరకలు తీసే ద్రవాన్ని ముందు చక్రం మీద కొట్టాను. ఫోను మోగితే లోపలికి వెళ్లి, పది నిమిషాలకు తిరిగి వచ్చేసరికి ఊదారంగు చారలు చక్రం మీదే ఎండి అట్ట కట్టి ఉన్నాయి. నీళ్లకు పోలేదు, షాంపూకు పోలేదు. పాలిష్ పెట్టాక చాలావరకు పోయినా, ఒక స్పోకు మీద వాటి నీడ ఇప్పటికీ ఏటవాలు వెలుతురులో కనబడుతుంది.

ఒకసారికి ఒక చక్రమే. మొదట పైపుతో ధారాళంగా నీళ్లు కొట్టి, వదులుగా ఉన్న పొడినంతా చేయి తగలకుండానే దింపేయండి. ప్రెషర్ వాషరు ఉంటే మూతిని కనీసం ఒక అడుగు దూరంలో పట్టుకోండి, దగ్గరికి తెస్తే పెచ్చులేచిన పూత అంచు ఇంకా లేస్తుంది, లోపల అంటించిన బ్యాలెన్సింగు బరువులు కూడా ఊడవచ్చు. ఆపైన షాంపూ నురగ వేసి, తొడుగుతో పైనుంచి కిందికి, తొడుగు బరువే తప్ప మీ బలం పడకుండా తుడవండి. నట్ల గుంతలు, స్పోకుల సందులు బ్రష్షుతో. రెండు మూడు చేతులకొకసారి తొడుగును నీళ్లలో జాడించాలి. అది నేల మీద పడితే ఇక ఆ రోజుకు దాన్ని వాడవద్దు, ఎంత జాడించినా ఒక ఇసుక రేణువు అందులో ఉండిపోతుంది.

ఇంతచేసినా గోధుమరంగు చుక్కలు మిగిలితేనే ఇనుప మరకల ద్రవం తీయండి. ఇందులో ఉండేది థయోగ్లైకొలేటు అనే లవణం, జుట్టు వంకీలు తిప్పే మందుల్లో వాడేదీ ఈ కుటుంబానిదే కాబట్టి ఆ ఘాటు వాసనే వస్తుంది. ఇనుముతో కలిసి ఊదారంగుకు తిరుగుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు, అదీ తడి ఆరకుండా, మీరు పక్కనే నిలబడి ఉండగా. తరువాత విస్తారంగా నీళ్లు పోయాలి. పూత లేని లోహానికి ముందుగా కనపడని చోట పరీక్ష తప్పనిసరి. మూడు నెలలకొకసారి వాడితే చాలు. తారు మరకలకు తారు తీసే ద్రవాన్ని గుడ్డకు అద్ది తుడవండి. థిన్నరు రంగును మెత్తబరుస్తుంది, పెట్రోలుతో నిప్పు భయం, రెండూ వద్దు.

చక్రాన్ని దానంతట అదే ఆరనివ్వడం మన ప్రాంతంలో పెద్ద పొరపాటు. తాగునీటి కాఠిన్యానికి భారత ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తుంది. మన బోర్లలో ఆ పైహద్దు దాటేవి కూడా ఉన్నాయి. ఆ నీరు ఎండితే కాల్షియం తెల్లని వలయాలుగా మిగిలి, ఎండకు గట్టిపడుతుంది. దాన్ని గీకితే మళ్లీ గీతలే. కాబట్టి నీళ్లు ఇంకా జారుతుండగానే శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి. చివరి చెంబు వాననీళ్లో, ఆర్వో నీళ్లో పోయగలిగితే మరీ మంచిది. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లను కారుకు దాచి ఉంచేవారు ఉన్నారు, పొదుపు ఆలోచన మంచిదే కానీ యంత్రం వడకట్టిన లవణాలన్నీ పోగయ్యేది ఆ నీటిలోనే. వాటిని మొదటి జాడింపుకు వాడుకోండి, చివరిదానికి వద్దు.

ఆరిన చక్రానికి సీలెంటు, అంటే పూత మీద రక్షణ పొరగా నిలిచే ద్రవం, పూస్తే తరువాతి సారి పొడి సులువుగా జారిపోతుంది. కార్ల మెరుగుకు వాడే కార్నూబా అనే చెట్టు మైనం సుమారు 82 నుంచి 86 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి బ్రేకుల వేడి తగిలే చోట అది నిలవదు. కడిగిన వెంటనే కారును అలాగే నిలిపి ఉంచకుండా వీధి చివరిదాకా మెల్లగా నడిపి, రెండు మూడుసార్లు సుతారంగా బ్రేకు వేసి డిస్కులను ఆరబెట్టండి.

ఈ వారం అభ్యాసానికి మీ ఇంట్లో ఉన్న షాంపూ, సబ్బుపొడి, గిన్నెల సబ్బు మూడింటికీ పసుపు కాగితం పరీక్ష చేసి, ఫలితాలను నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ తరువాత ఒకే ఒక వెనుక చక్రాన్ని, మురికి తక్కువ ఉన్నదాన్ని, ఈ క్రమంలో కడగండి. ముందు చక్రాలను వచ్చే వారానికి వదిలిపెట్టండి. ఆరో పాఠంలో చక్రాన్ని ఊడదీసి లోపలి వైపు కడుగుతాము, కాబట్టి జాకీ, వీల్ స్పానరు, ఎదుటి చక్రానికి అడ్డం పెట్టే రెండు కొయ్యదిమ్మలు సిద్ధంగా ఉంచుకోండి.