ఆలుగడ్డ రకం కరువుకి ఆగుతుందా? టిష్యూ కల్చర్ సీసాలో చూసే పద్ధతి

ముందే ఒక మాట: సీసాలోకి నిజమైన కరువు తేలేం. లోపల గాలి ఎప్పుడూ తేమగానే ఉంటుంది, ఆకుల నుంచి నీరు పెద్దగా పోదు, పైగా మీడియాలో, అంటే మొక్క ముక్కని పెంచే పోషకాల జెల్లీలో, పంచదార ఉంటుంది కాబట్టి మొక్కకి తిండికి కొదవుండదు. మనం చేసేదల్లా నీళ్లు ఎదురుగా ఉన్నా వేర్లు లాక్కోలేకుండా చేయడమే. అయినా చాలా రకాల్లోంచి నీరసమైనవాటిని నెల రోజుల్లో ఏరేయాలంటే ఇది బాగా పనికొస్తుంది.

వైరస్ లేదని పరీక్షలో తేలిన తల్లిమొక్కలే తీసుకోండి. రకాలన్నిటికీ ఒకే రోజు సబ్‌కల్చర్ చేసి (ముక్కలు కోసి కొత్త మీడియాలోకి మార్చి), మూడు నాలుగు వారాలు పెంచాలి. గుణం తెలిసిన రకాలు ఒకటి రెండు పక్కన ఉంటే పోల్చుకోవచ్చు. తక్కువ నీటికి పనికొస్తాయని సిమ్లాలోని కేంద్రీయ ఆలుగడ్డ పరిశోధన సంస్థ ఇచ్చిన కుఫ్రీ థార్ రకాల్లో ఒకటి, పాతకాలపు కుఫ్రీ జ్యోతి పెట్టుకుంటే చాలు.

మీడియా మామూలు ఎంఎస్సే (మురాషిగే-స్కూగ్ అనే పోషక మిశ్రమం): లీటరుకి 30 గ్రాముల పంచదార, గట్టిపడేందుకు 7-8 గ్రాముల అగార్, పీహెచ్ 5.8, ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో క్రిములు చంపే పాత్రలో) 121 డిగ్రీల దగ్గర 15-20 నిమిషాలు. హార్మోన్లు కలపకండి. ఆలుగడ్డ కణుపు తనంతట తానే వేర్లు వేస్తుంది, హార్మోన్ పడితే వేర్లలో కనిపించే తేడా రకానిదో మందుదో తేల్చలేం.

ఇక వేర్లు నీళ్లు లాక్కోకుండా చేసే అసలు మందు. సులువైనది మానిటాల్ లేదా సార్బిటాల్, రెండూ పంచదార జాతి పదార్థాలే. లీటరుకి 18.2 గ్రాములు వేస్తే 0.1 మోలార్, అంటే మీడియాకి సుమారు మైనస్ 0.25 మెగాపాస్కల్ ఒత్తిడి అదనంగా పడుతుంది. 0, 0.1, 0.2, 0.3 మోలార్ అని నాలుగు మెట్లు పెట్టుకోండి. ఒక్క మెట్టే పెడితే అన్నీ బతకడమో అన్నీ చావడమో జరిగి ఏమీ తేలదు. చిక్కేంటంటే ఇవి నెమ్మదిగా మొక్కలోకి పోతాయి. పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్) 6000 లేదా 8000 అణువు పెద్దది కాబట్టి కణంలోకి దూరదు, ఆరిపోతున్న నేల తీరుకి అదే దగ్గర. కానీ ఎక్కువ మోతాదులో కలిపితే అగార్ సరిగ్గా గట్టిపడదు, సీసా వంచితే జారిపోతుంది, కణుపు అందులో మునిగి ఊపిరాడక చస్తే మనం కరువు ఖాతాలో రాసేస్తాం. అందుకని మామూలు అగార్ గట్టిపడ్డాక పైన పీఈజీ కలిపిన ద్రవ మీడియా పోసి, ఒక రోజు ఊరనిచ్చి, మిగిలింది వంపేయండి. లేదంటే ద్రవ మీడియాలో ఫిల్టర్ పేపర్ వంతెన కట్టి దాని మీద కణుపు నిలబెట్టండి.

ఫలితం చెడేది ఎక్కువగా కోతలోనే. లామినార్‌లో (వడకట్టిన శుభ్రమైన గాలి వీచే బల్ల మీద) మొక్కని పరిచి కొనా మొదలూ తీసేసి, నడిమి కణుపుల్నే వాడండి, ఒక ఆకు, ఒక మొగ్గ, సెంటీమీటరు కాడ ఉండేలా. లావు ముక్క ఒక రకానికి, సన్న ముక్క ఇంకో రకానికి పడితే మీరు కొలిచేది ముక్కల తేడానే. మొగ్గ పైకి ఉండాలి, మీడియాలో కూరుకుపోకూడదు. రకానికి, మెట్టుకి కనీసం పది సీసాలు పెట్టి, మొత్తం పరీక్ష ఇంకో రెండుసార్లు చేయండి. ర్యాక్‌లో రకాలవారీగా వరస పెట్టకండి, కలగలపండి, ఎందుకంటే లైటు అన్ని మూలలా ఒకేలా పడదు. 22 డిగ్రీలు, 16 గంటల వెలుతురు, నాలుగు వారాలు.

తీశాక వేర్లకున్న అగార్‌ని గోరువెచ్చని నీళ్లలో మెల్లగా కడిగి, టిష్యూతో అద్ది, కాడ ఎత్తు, కణుపుల సంఖ్య, వేర్ల సంఖ్య, అన్నిటికంటే పొడవైన వేరు, పచ్చి బరువు రాసుకోండి. ఎండు బరువు మాత్రం మానిటాల్ సీసాల్లో నమ్మకండి, పీల్చుకున్న మానిటాల్ కూడా తూకంలోకి వస్తుంది. ఒత్తిడిలో మొక్కలో పేరుకునే ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం పెరిగిందని సంబరపడొద్దు, బాగా దెబ్బతిన్న మొక్కలోనూ అది పెరుగుతుంది. నా ఓటు వేరు పొడవుకే.

ప్రతి కొలతనీ అదే రకం మామూలు మీడియాలో ఇచ్చిన కొలతతో భాగించి చూడండి. సహజంగానే పొడుగ్గా పెరిగే రకం ఒత్తిడిలో సగానికి పడిపోయినా, పొట్టి రకం కంటే మేలుగా కనిపించి మోసం చేస్తుంది.

నెగ్గిన నాలుగైదు రకాల్ని కుండీల్లోకి తీసుకెళ్లండి, అయితే ఒత్తిడి తిన్న మొక్కల్ని కాదు, అవే రకాల మామూలు మొక్కల్ని. బయటి గాలికి మెల్లగా అలవాటు చేసి గట్టిపరిచి, గడ్డ కట్టే దశలో కొన్నిటికి నీళ్లు ఆపి, చివర్లో గడ్డలు తూచండి. సీసాలో వచ్చిన వరస తారుమారైతే కుండీ చెప్పిందే రాసుకోండి.